ఓటు భద్రం, ఓటరే గల్లంతు

మహారాజశ్రీ టెక్నాలజీ గారి దివ్యసముఖమునకు, హైదరాబాదు నగరంలో ఆబిడ్స్ జీపీఓకీ నాంపల్లి స్టేషనుకీ నడుమ ఒక గల్లీలో కాపురముంటూ, కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను గడువులోగా కట్టుకుంటూ, ఎవరి జోలికీ పోని ఒక గృహస్థుడు సవినయంగా చేసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా...

తమరు ఎన్నికల్లో కాలుపెట్టాక మా ఓటుకు ఎక్కడలేని మర్యాద వచ్చింది. ఓటుకు మిషను, మిషనుకు సీలు, సీలు మీద ఏజెంట్ల సంతకాలు, గది తలుపుకి తాళం, తాళానికి కెమెరా, కెమెరాకి సాయుధ పోలీసులు. ఇంత కాపలాలో ఓటు క్షేమంగా ఉందంటే నమ్ముతాను. నా గోడు ఓటు గురించి కాదు. ఆ ఓటు వేయాల్సిన మనిషి జాబితాలో లేదు. సదరు మనిషి మా ఆవిడ.

జాబితా ప్రకారం ఆమె ‘షిఫ్టెడ్’. అంటే ఇల్లు మారి ఎటో వెళ్లిపోయింది. ఈ సంగతి ఆమెకు పోలింగు రోజున, ఎండలో క్యూ అంతా నడిచాక, బల్ల దగ్గర తెలిసింది. “నేను షిఫ్టయిన్నట! ఎటు షిఫ్టయిన? వంటింట్లకెళ్లి వాకిట్లకా?” అని అక్కడే నిలదీసింది. బల్ల వెనకున్న పెద్దమనిషి తల ఎత్తకుండా “నెక్స్ట్” అన్నాడు. కాలం చేసి పదేళ్లు దాటిన మా నాన్నగారి పేరు మాత్రం ఫొటోతో సహా చెక్కుచెదరలేదు. అమెరికాలో స్థిరపడ్డ పెద్దబ్బాయి పేరూ పదిలంగా ఉంది. తమరి లెక్కన మా ఇంట్లో లేనివాళ్లు ఉన్నారు, ఉన్న మనిషి లేదు.

విచారిద్దామని ఒక కార్యాలయానికి వెళ్లాను. ఏ కార్యాలయమో చెప్పను. చెబితే రేపు నేనూ షిఫ్టవుతానని భయం. అక్కడి కుర్రాడు కంప్యూటరులో చూసి, “సిస్టమ్‌ల లేదు సార్” అన్నాడు.

“మనిషి నా పక్కనే ఉంది గదా, బాబూ.”

“మనిషి ఉంటే సరిపోదు సార్. సిస్టమ్‌ల ఉండాలె.”

ఎవరు తీశారయ్యా అంటే సిస్టమ్ తీసిందన్నాడు. ఎందుకు తీసిందంటే సిస్టమ్ చెప్పదన్నాడు. ముందుగా నోటీసు ఇవ్వాలి కదా అంటే, ఇచ్చినట్టు సిస్టమ్‌లో ఉందన్నాడు. ఆ నోటీసు మా గుమ్మం తొక్కిన గుర్తు నాకు లేదు, మా గల్లీలో ఎవరికీ లేదు. మళ్లీ చేర్చాలంటే ఫారం 6 నింపాలట. అది పద్దెనిమిదేళ్లు నిండి కొత్తగా ఓటరయ్యే పిల్లలు నింపే ఫారం. మనవరాలు ఉన్న మనిషి చేత కొత్త ఓటరుగా దరఖాస్తు పెట్టించడం తమరికే చెల్లింది.

మా వీధికి వచ్చే బూత్ లెవల్ ఆఫీసరమ్మను తప్పు పట్టలేను. ఆమె అసలు కొలువు అంగన్‌వాడీ టీచరు. “పిల్లలకు గుడ్లు పెట్టాలె, పోలియో చుక్కలెయ్యాలె, మధ్యల మీ ఇండ్లు తిరగాలె సార్. యాప్ తెరిస్తే తిరుగుడే తిరుగుడు, సిగ్నల్ ఉండది. ఇల్లు తాళమేసుంటె ఏం రాయాలె?” అని ఆమే నన్ను ఎదురు అడిగింది. నిజమే. యాదగిరిగుట్టకు పోయినవాడూ, ఆస్ట్రేలియాకు పోయినవాడూ తాళం ఒక్కలాగే వేస్తారు. తేడా తెలుసుకోవాలంటే రెండోసారి రావాలి. ఆ రెండోసారికి కావాల్సిన జీతం, తీరిక ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. చేతికి యాప్ మాత్రం ఇచ్చారు.

పైగా మా పేట భూగోళం తమరి బుర్రకు ఎక్కేది కాదు. ఆబిడ్స్ గోషామహల్ నియోజకవర్గంలోకి వస్తుంది. నాంపల్లి వేరే నియోజకవర్గం. 2008 పునర్విభజన గీసిన గీత పుణ్యమా అని మొదటిది హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో, రెండోది సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో పడ్డాయి. గల్లీ మలుపు తిరిగి ఇడ్లీ తినడానికి వెళ్తే ఎమ్మెల్యేతో పాటు ఎంపీ కూడా మారిపోతాడు. ఇక ఇంటి నంబర్లంటారా, డాషు మీద డాషు, బై కింద బై, దాని పక్కన ఒక ‘ఎ’, ఆ ‘ఎ’కి మళ్లీ ఒకటి, రెండు. పాత బంగళా నాలుగు వాటాలై, వాటాలు అపార్టుమెంట్లయ్యాక పోస్ట్‌మ్యానే తడబడతాడు. కంప్యూటరుకు మాత్రం తడబాటు లేదు. ఒకే నంబరు మీద నలభై మంది కనిపిస్తే అనుమానం. ఒకే పేరు రెండుచోట్ల కనిపిస్తే ‘డూప్లికేట్’. ఈ ఊళ్లో ఒకే పేరుతో ఎంతమంది శ్రీనివాసులు, ఎంతమంది మొహమ్మద్‌లు ఉన్నారో దానికి ఎవరు చెప్పాలి? ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం ఎప్పుడో మూతపడినా ఆయన పేరు ఇంకా మా కూడలి మీద నిలిచి ఉంది. ఆయన బతికుండి ఓటరై ఉంటే ఏ మొదటి సవరణలోనో ఎగిరిపోయేవాడు.

ఇది మా ఒక్క ఇంటి రాద్ధాంతమైతే అరుగు మీదే తేల్చుకునేవాణ్ణి. 2015 మార్చిలో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాల ప్రక్షాళన కార్యక్రమం మొదలుపెట్టి ఓటరు కార్డుకు ఆధార్ ముడివేయించింది. హైదరాబాద్‌లో అది జోరుగా సాగింది. ఆగస్టులో ఆధార్ మీద సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు రాగానే ఆపేశారు. ఆగింది కార్యక్రమం, పోయిన పేర్ల సంగతి తర్వాత తెలిసింది. 2014లో తెలంగాణ ఓటర్లు సుమారు 2.81 కోట్లు, 2018 డిసెంబరు నాటికి సుమారు 2.80 కోట్లు. నాలుగేళ్లలో పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఊళ్లు పెరిగాయి, ఓటర్లు మాత్రం పెరగలేదు. దొంగ పేర్లు, రెండేసి పేర్లు తీసేశామన్నారు. తీసే ఉంటారు. కానీ 2018 డిసెంబరు 7న అసెంబ్లీ ఎన్నికల పోలింగు కేంద్రాలకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లలో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా ఉన్నారు. దేశం తరఫున ఒలింపిక్స్ ఆడిన మనిషిని దేశమంతా గుర్తుపడుతుంది, ఓటర్ల జాబితా తప్ప. అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ పేర్లు గల్లంతైనవారికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆయన మర్యాదస్తుడు. తమరు ఇంతవరకు నోరు విప్పలేదు.

పేర్లు ఏరిన సాఫ్ట్‌వేర్ ఏ లెక్కతో ఏరిందో బయటపెట్టమని శ్రీనివాస్ కొడాలి అనే హైదరాబాదు పరిశోధకుడు ఆ ఏడాదే హైకోర్టు గడప ఎక్కారు. అడగాల్సిన ప్రశ్న అదే. గుమాస్తా తీసేస్తే సంతకం ఉంటుంది, సంతకం ఉంటే నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. సిస్టమ్ తీసేస్తే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి?

2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ పోలింగుకు ముందు, మా జిల్లా లెక్క పత్రికల్లో వచ్చింది. 2023 జనవరి నుంచి హైదరాబాద్ జిల్లాలో 5,41,201 పేర్లు తొలగించారట. అందులో చనిపోయినవారు 47,141. ఇల్లు మారినవారు 4,39,801. రెండేసిచోట్ల ఉన్నవారు 54,259. కూడిక ఒక్క అంకె తప్పలేదు, నేను పెన్సిలు పెట్టి సరిచూశాను. ఇందులో నూటికి తొంభై తీయాల్సినవే కావచ్చు. అద్దె ఇళ్ల ఊరు కాబట్టి జనం మారతారు, పోతారు, తీయకపోతే ఇంకో తంటా. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఆ ఏడాది మే 13న పోలింగు 48 శాతం చిల్లర. టీవీ వాళ్లు ‘బద్ధకస్తుల నగరం’ అని మమ్మల్ని తిట్టారు. జాబితాలో మా నాన్నగారు, అమెరికా అబ్బాయి లాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియకుండా శాతం తీస్తే బద్ధకం ఎవరిదో ఎలా తేలుతుంది? మా నాన్నగారు రాలేదని ఆయన్ను తిడితే ఏం లాభం?

అలాగని వేలూ లక్షలూ తీసే చోట నాలుగు పొరపాట్లు పోతే పోనీ అనడానికి లేదు. 2023 నవంబరు 30న అసెంబ్లీ పోలింగు జరిగితే నాంపల్లిలో గెలిచిన అభ్యర్థికి, ఓడిన అభ్యర్థికి తేడా 2,037 ఓట్లు. 2018లో ఆసిఫాబాద్‌లో 171. జాబితా సవరణలో చేయి కాస్త జారితే ఎమ్మెల్యే మారిపోయే లెక్కలివి.

మరి జనం దేని మీద కొట్లాడుతున్నారు? మిషను మీద. ఓడినవాడికి మిషను మీద అనుమానం, గెలిచినవాడికి నమ్మకం. వచ్చేసారి గెలుపోటములు తారుమారైతే అనుమానం, నమ్మకం కూడా చేతులు మారతాయి. ఈ విషయంలో మా ఊరికి కొంచెం అభిమానం ఉంది కాబట్టి వివరంగా చెబుతాను. 1952 ఎన్నికల్లో దేశంలో వాడిన ఉక్కు బ్యాలెట్ పెట్టెల్లో కొన్ని మా హైదరాబాద్ ఆల్విన్ చేసినవే. తర్వాత అదే ఆల్విన్ మాకు ఫ్రిజ్‌లూ, డబుల్ డెక్కర్ బస్సులూ ఇచ్చింది. 1967లో డాక్టర్ ఏ.ఎస్. రావు చొరవతో పుట్టిన ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ మాకు ఈసీ టీవీ ఇచ్చింది, 1979లో ఓటింగ్ మిషను నమూనా తయారుచేసింది. 1982లో కేరళలోని పరవూరులో 50 బూతుల్లో మిషన్లు పెట్టి చూశారు. ఓడిన అభ్యర్థి కోర్టుకెళ్తే, చట్టంలో మిషను ఊసే లేదు కదా అని 1984లో సుప్రీంకోర్టు ఆ బూతుల ఎన్నిక కొట్టేసింది. చట్టం మార్చి, తాపీగా పరీక్షించి, 2004 నాటికి దేశమంతా పెట్టారు. పెట్టెలు చేసిందీ మేమే, మిషను చేసిందీ మేమే. మిషను తెరిచి లోపల ఏం మార్చొచ్చో ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి 2010లో చూపించిన వేమూరు హరిప్రసాద్ కూడా మా ఊరివాడే. మిషను ఎక్కడిదో చెప్పమని ఆ ఆగస్టులో ఆయన్ను అరెస్టు చేశారు. అదే ఏడాది అమెరికాలో ఒక సంస్థ ఆయనకు పురస్కారం ఇచ్చింది. ఒకే పనికి ఒక దేశం సంకెళ్లు, ఇంకో దేశం సన్మానం.

అయితే ఆ గొడవ వృథా పోలేదు. అడిగేవాళ్లు అడిగారు, కోర్టులు విన్నాయి. నొక్కిన గుర్తు కాగితం మీద కనబడాలని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు నెల ముందే నాగాలాండ్‌లోని నోక్సేన్ ఉప ఎన్నికలో ఆ చీటీ చూపించే మిషను, వీవీప్యాట్, వాడారు. ఇప్పుడు బటను నొక్కితే గాజు వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది. 2019లో చంద్రబాబు నాయుడు గారూ, మరికొన్ని పార్టీల నాయకులూ వేసిన కేసులో అసెంబ్లీ సెగ్మెంటుకు అయిదు మిషన్ల చీటీలు లెక్కించాలని తీర్పు వచ్చింది. 2024 ఏప్రిల్ 26న చీటీలన్నీ లెక్కించాలన్న వాదన తోసిపుచ్చినా, గుర్తులు ఎక్కించే పరికరాలను 45 రోజులు సీలు వేసి ఉంచాలనీ, రెండో మూడో స్థానాల్లో నిలిచినవారు అడిగితే అయిదు శాతం మిషన్ల మెమరీ పరీక్షించాలనీ కోర్టు చెప్పింది. పోలింగు రోజు పొద్దున్నే ఏజెంట్ల ఎదుట కనీసం యాభై ఓట్లు ఉత్తుత్తిగా వేసి చూపిస్తారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో తమ దేశపు మిషన్లను పక్కన పెట్టించింది, లెక్క మామూలు పౌరుడికి అర్థం కావాలని. మనం పక్కన పెట్టలేదు, పక్కన కాగితం పెట్టాం. అదీ ఒక పద్ధతే, కాదనను.

మహాప్రభూ, ఈ సీళ్లు, చీటీలు, తీర్పులు, కెమెరాలు అన్నీ బటను నొక్కిన తర్వాతి సంగతి. బటను దాకా చేరనివ్వని మనిషికి ఏ చీటీ చూపిస్తారు? మా ఆవిడకు ఏడు సెకన్లు కాదు గదా, ఒక్క సెకను కూడా ఎవరూ ఏమీ చూపించలేదు. గ్యాస్ బండ బుక్ చేస్తే బుక్ అయిందని ఒక మెసేజ్, బయల్దేరిందని ఒకటి, ఇచ్చామని ఒకటి, ఓటీపీ చెప్పండని ఇంకొకటి వస్తాయి. బండ ఎక్కడుందో క్షణక్షణం మాకు తెలుసు. పాతికేళ్లుగా ఓటేస్తున్న మనిషి పేరు కొట్టేసేటప్పుడు మాత్రం తమరి సర్వరుకు నోరు పెగలదు.

చట్టం చెప్పలేదా అంటే, చెప్పింది. ఒకసారి జాబితాకెక్కిన పేరును నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా తీయకూడదని సుప్రీంకోర్టు లాల్‌బాబు హుస్సేన్ కేసులో 1995లోనే తేల్చింది. అప్పటికి తమరు ఈ పనిలో ఇంకా పసివారు. పెద్దయ్యాక ఏం చేశారో చూడండి. ఒక మనిషి మీద ఇంకో మనిషి అభ్యంతరం చెప్పే ఫారం 7ను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పెట్టే సదుపాయం కల్పించారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో అవి లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరున దరఖాస్తు వచ్చిందో ఆ మనిషినే అడిగితే “నేను పెట్టలేదే” అన్న సందర్భాలు బయటపడి కేసులు పెట్టాల్సి వచ్చింది. చేర్చుకోవాలంటే ఫొటో, వయసు రుజువు, చిరునామా రుజువు కావాలి. తీయించడానికి తీరిక ఉంటే చాలు.

సరే, జాబితా ముందే చూసుకోవచ్చు కదా అంటారు. చూద్దామని దించుకున్నాను. జాబితా ఫొటో తీసినట్టు, బొమ్మల రూపంలో ఉంటుంది. పేరు కొట్టి వెతికితే దొరకదు. కళ్లద్దాలు పెట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పాలి. వెతకడానికి వీలైన రూపంలో ఇప్పించమని కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ వేసిన కేసును 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎన్నికల సంఘం చెప్పిన కారణం ఓటర్ల వివరాల భద్రత. కంప్యూటరులో పుట్టిన జాబితాను కంప్యూటరు చదవలేకుండా చేయడం టెక్నాలజీ చరిత్రలోనే ఘనకార్యం. మా వివరాలు ఎంత భద్రమో తర్వాత చెబుతాను. మళ్లీ అదే సుప్రీంకోర్టు, 2025 ఆగస్టు 14న, బిహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో ముసాయిదాకెక్కని సుమారు 65 లక్షల మంది పేర్లు, ఎందుకు ఎక్కలేదో కారణంతో సహా, బూతులవారీగా, వెతుక్కునే వీలుతో వెబ్‌సైట్లలో పెట్టమంది. పెట్టారు. పెట్టడం వచ్చని అప్పుడు రుజువైంది. రానిదల్లా అడగకముందు పెట్టడం.

భద్రత అన్నాను కదా, దాని సంగతి. ఎన్నికలొస్తే మధ్యాహ్నం కునుకు తీసే వేళకు ఫోను మోగుతుంది. ఎత్తితే ఒక నాయకుడి గొంతు నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. మా ఆవిడ పేరు, నంబరు, వీధి, వయసు కూడా అన్ని పార్టీలకూ తెలుసు, ఎన్నికల జాబితాకు తప్ప. 2023 పోలింగు నాడైతే ఒక నాయకుడే ఎదుటి పార్టీకి ఓటేయమంటున్న కృత్రిమ మేధ వీడియో ఫోన్లలో తిరిగింది. గొంతు ఆయనది, మొహం ఆయనది, మాట ఎవరిదో. లేని మాటను పుట్టించడం తమరికి వచ్చు. ఉన్న మనిషిని గుర్తించడం దగ్గరే ఇబ్బంది.

గుర్తించే ప్రయోగాలు జరగలేదని కాదు. 2020 జనవరి 22న పురపాలక ఎన్నికల్లో కొంపల్లిలో పది పోలింగు కేంద్రాల్లో ఓటరు మొహాన్ని కెమెరా చూసి పోల్చుకునే పద్ధతి పెట్టారు. 2021 అక్టోబరు 20న ఖమ్మంలో ఫోనులోనే ఓటేసే యాప్‌ను, బ్లాక్‌చెయిన్ అనే కొత్త కవచం తొడిగి, ఉత్తుత్తి పోలింగుతో పరీక్షించారు. వినడానికి బాగుంది. నా అజ్ఞానపు ప్రశ్న ఒక్కటే: మొహం పోల్చడానికైనా, ఫోనులో ఓటేయడానికైనా ముందు జాబితాలో పేరు ఉండాలా, వద్దా? లేని పేరుతో ఏ మొహం పోలుతుంది? పైగా ఇంటర్నెట్‌లో ఓటేసే ఎస్తోనియా జనాభా మొత్తం మా ఊరి జనాభాలో మూలకు సరిపోతుంది. అక్కడ పనిచేసింది కదా అని బొగ్గులకుంటలో పనిచేస్తుందని పందెం కట్టలేను.

నా పక్కింటాయన ఇదంతా విని, “అందుకే అంటున్న అన్నా, పాత బ్యాలెట్ పేపరే మేలు” అన్నాడు. ఆయన జ్ఞాపకశక్తి అయిదేళ్లు దాటదు. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు కాగితం మీదే జరిగాయి. ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థి పక్కన సీపీఎం గుర్తు అచ్చువేసి, 3వ తేదీన మళ్లీ పోలింగు పెట్టారు. కొన్నిచోట్ల స్వస్తిక్ ముద్రకు బదులు పోలింగు కేంద్రం ముద్ర ఓటర్ల చేతికిచ్చారు. ఆ ఓట్లు చెల్లుతాయా లేదా అని అర్ధరాత్రి ఉత్తర్వు, తెల్లారి హైకోర్టు, నేరెడ్‌మెట్ ఫలితం కొన్నాళ్లు మూలపడింది. రబ్బరు ముద్ర కూడా మనిషి చేతిలో పడ్డాక నమ్మకమైన వస్తువు కాదు. 1996లో ఫ్లోరైడు నీళ్ల బాధ చెప్పుకోవడానికి నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీచేస్తే బ్యాలెట్ పుస్తకమే అచ్చువేయాల్సి వచ్చింది. 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు దిగి నిజామాబాద్‌లో 185 మంది పోటీపడితే బూతుకు పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసపెట్టి ఎన్నిక పూర్తిచేశారు. ఆ రైతుల కడుపుమంటకు మిషను అడ్డం పడలేదు. కాబట్టి కాగితం పుణ్యాత్మురాలూ కాదు, మిషను పాపాత్మురాలూ కాదు.

ఇక డబ్బు సంగతి. పంచేవాళ్లను పట్టివ్వడానికి సీ-విజిల్ యాప్ ఉంది. ఫొటో తీసి పంపితే వంద నిమిషాల్లో చర్య అన్నారు. నోటు ఇచ్చేవాడు వెలుతురు చూసుకుని ఫొటోకి నిలబడడు కదా. అయినా మాకు నాంపల్లిలో కోర్టు ఉంది. ప్రజాప్రతినిధుల కేసులు చూసే అక్కడి ప్రత్యేక కోర్టు 2021 జూలైలో, ఓటుకు 500 రూపాయలు పంచిన కేసులో, పదవిలో ఉన్న ఎంపీకి ఆరు నెలల జైలు వేసింది. అప్పీలు చేసుకోవడానికి బెయిలూ ఇచ్చింది. ఆ నోటును పట్టుకున్నది యాప్ కాదు, వీధిలో తిరిగిన ఫ్లయింగ్ స్క్వాడు.

న్యాయం వేగం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో రాసి ఉంది. ప్రయత్నం బాగానే సాగుతోంది. 2018 డిసెంబరులో గెలిచిన కొత్తగూడెం, గద్వాల ఎమ్మెల్యేల ఎన్నిక చెల్లదని హైకోర్టు చెప్పింది 2023 జూలై, ఆగస్టుల్లో, ఇంకో నాలుగైదు నెలల్లో పదవీకాలం అయిపోతుందనగా. ఆ తీర్పులనూ సుప్రీంకోర్టు నిలిపివేసింది. ధర్మపురిలో 2018లో 441 ఓట్ల తేడా. దాని మీద కేసు. కాగితాలు చూడాలి, స్ట్రాంగ్ రూం తెరవండని హైకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశిస్తే, వెళ్లి చూశారు, తాళంచెవి లేదు. చివరికి కోర్టు అనుమతితో తాళం పగలగొట్టారు. రాకెట్లు పంపే దేశంలో, ఎన్‌క్రిప్షన్ల యుగంలో, ప్రజాతీర్పు ఒక తాళంచెవి దగ్గర ఆగిపోయింది. కెమెరా గదిని కాపాడింది. చెవి ఎవరి జేబులో ఉందో రాసిపెట్టుకోవడం ఎవరి సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

కావున తమరితో విన్నపం ఏమనగా: కొత్త యాప్‌లు కాసేపు ఆపండి. మొహాలు పోల్చడం తర్వాత చూద్దాం. ఓటుకు ఏడు సెకన్లు చీటీ చూపించినట్టే, పేరు తీసే ముందు పేరుగల మనిషికి ఒక చీటీ చూపించండి. ఎవరు తీయమన్నారు, ఎందుకు తీస్తున్నారు, ఏ అధికారి సంతకం పెట్టారు, ఎన్నాళ్లలో వచ్చి కాదనొచ్చు అని నాలుగు ముక్కలు. ఫోనుకు రాకపోతే తలుపుకి అంటించండి. తీసిన పేర్ల జాబితా బూతులవారీగా, వెతుక్కునేలా, ఎన్నికలకు నెలల ముందే బయట పెట్టండి. పొరపాటున తీసిన పేరును ఫారం 6తో కాదు, పాత నంబరుతోనే తిరిగి చేర్చండి. బూత్ లెవల్ ఆఫీసరమ్మకు రెండోసారి ఇంటికొచ్చేందుకు తీరిక, దానికి తగ్గ డబ్బు ఇవ్వండి. వీటికి రాకెట్ శాస్త్రం అక్కర్లేదు. బిహార్ జాబితా వెబ్‌సైట్‌లో పెట్టినంత తెలివి చాలు. పేరు లేనివాడి ఓటును ఎంత గట్టి సీలు వేసి కాపాడినా అది న్యాయమైన ఎన్నిక కాదు.

తమరు దీన్ని ఎప్పుడు చదువుతారో, సర్వర్ ఎప్పుడు లేస్తుందో తెలియదు. అందుకని పాఠకులకు ఒక మాట. పోలింగు రోజు దాకా ఆగకండి. ఈవేళే 1950కి ఫోను చేయండి, లేదా ఓటర్ల జాబితా తెరవండి; మీ పేరే కాదు, ఇంట్లో అందరి పేర్లూ, పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ పేరూ చూడండి. లేకపోతే అడగండి, కాగితం మీద రాసి అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.